విశాఖలో పెళ్ళి: ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేస్తే ఫొటోలు కుదురుతాయి

లగ్నపత్రిక రాసుకున్న వారంలోనే హాలు, వంటవాళ్ళు, డెకరేషన్ అన్నీ మాట్లాడేసుకుంటారు. ఫొటోగ్రాఫరుకి మాత్రం అడ్వాన్సు ఇచ్చేసి, పెళ్ళికి రెండు రోజుల ముందు వాట్సాప్‌లో శుభలేఖ పంపి ఊరుకుంటారు. శుభలేఖలో ఉండేది ఒక్క ముహూర్తం టైమే. పెళ్ళికూతురు గౌరీపూజకి ఎప్పుడు కూర్చుంటుంది, మధుపర్కాలు ఎప్పుడు కట్టుకుంటుంది, చుట్టాలతో ఫొటోలు భోజనాలకి ముందా తర్వాతా అన్న సంగతులు అందులో ఉండవు. ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా ఆ రాయని చోటే.

ముహూర్తం మన చేతిలో ఉండదు. దాన్ని గోడకి మేకులా కొట్టేసి, మిగతా ప్రతి పనినీ దాని నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఆ లెక్క రాసిన కాగితం ఫొటోగ్రాఫరు దగ్గరే కాదు, మేకప్ చేసే ఆవిడ దగ్గర, పెళ్ళికొడుకు తరఫున ఒకరి దగ్గర, హాలు మేనేజరు దగ్గర కూడా ఉండాలి.

ముందు పురోహితుడితో మాట్లాడండి

తంతు వరస ఇంటికొక రకంగా ఉంటుంది. కొందరికి కన్యాదానం జీలకర్రబెల్లానికి ముందు, కొందరికి తర్వాత. కొందరు మధుపర్కాలు కట్టుకునే పీటల మీదకి వస్తారు, కొందరు జీలకర్రబెల్లం అయ్యాక లేచి వెళ్ళి మార్చుకుంటారు. ఈ మార్చుకోవడానికి 10 నిమిషాలు చాలంటారు గానీ, నగలు తీసి మళ్ళీ పెట్టి, జడ సర్దేసరికి 25 నిమిషాలు పడుతుంది. వారం ముందే పురోహితుడికి ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: వరస ఏమిటి, సుముహూర్తానికీ మంగళసూత్రధారణకీ మధ్య ఎంతసేపు, హోమం మండపం మీదేనా, ఆయన తన సామగ్రితో ఏ పక్క కూర్చుంటారు. ఆయన ఏ పక్క కూర్చుంటే ఆ పక్కన కెమెరాకి చోటు ఉండదు. అది ముందే తెలిస్తే ఫొటోగ్రాఫరు రెండో పక్కన నిలబడే ఏర్పాటు చేసుకుంటాడు.

రాత్రి ముహూర్తానికి ఒక లెక్క

మన వైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. ముందు రిసెప్షన్ పెట్టుకుని, ఆ తర్వాత పెళ్ళి చేసే అలవాటూ విశాఖలో బాగా ఉంది. మాఘమాసంలో రాత్రి 11:48కి సుముహూర్తం అనుకుందాం. వెనక్కి లెక్కేస్తే ఇలా వస్తుంది:

11:25 పెళ్ళికూతుర్ని మేనమామలు గంపలో తీసుకొస్తారు
10:40 గౌరీపూజ, అటు మండపంలో వరపూజ, కాళ్ళు కడగడం
10:20 పెళ్ళికూతురు ఒంటరి ఫొటోలు, గదిలోనో గది బయట వరండాలోనో
10:00 ఎదుర్కోలు
9:05 చీర, జడ, నగలు మార్పు
8:45 రిసెప్షన్ స్టేజి దిగడం, ఉపవాసం లేకపోతే ఏదైనా తినడం
6:30 రిసెప్షన్ మొదలు

ఈ కాగితంలో అందరూ తప్పేది 8:45 దగ్గర. జనం వస్తూనే ఉంటారు, వాళ్ళని కాదని స్టేజి దిగడానికి మొహమాటం. దిగేసరికి 9:30 అవుతుంది. ఆ 45 నిమిషాల ఆలస్యానికి బలయ్యేది గౌరీపూజ కాదు, పూజ ఎవరూ ఆపరు. పెళ్ళికూతురు ఒంటరి ఫొటోలు, అమ్మానాన్నలతో ఆమె దిగాల్సిన ఫొటోలు పోతాయి. అందుకే స్టేజి దింపే బాధ్యత గట్టిగా మాట్లాడే ఒక పెద్దాయనకి అప్పగించండి. పెళ్ళికొడుకు స్నేహితుల మీద ఆధారపడొద్దు, ఆఖర్న వచ్చేది వాళ్ళే.

రిసెప్షన్ లెక్క కూడా ముందే చూసుకోవచ్చు. 500 మంది స్టేజి ఎక్కుతారనుకోండి, నలుగురేసి చొప్పున 125 గుంపులు. గుంపుకి అర నిమిషం వేసినా గంట దాటుతుంది. బొకే ఇచ్చి, కవరు ఇచ్చి, నాలుగు ముక్కలు మాట్లాడితే గుంపుకి నిమిషం, మొత్తం రెండు గంటలు. స్టేజికి ఎక్కే మెట్లు ఒక పక్క, దిగే మెట్లు ఇంకో పక్క ఉంటే, బహుమతులు అందుకోవడానికి పక్కన ఒక తమ్ముడో మరదలో నిలబడితే, ఈ రెండు గంటలు గంటంబావుకి వస్తాయి. ఒకే పక్క మెట్లుంటే దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి అడ్డం, ప్రతి ఫొటోలోనూ ఎవరో ఒకరి వీపు.

మండపం, లైట్లు

డెకరేషన్ వాళ్ళు చూపించే ఫొటోలన్నీ ఖాళీ మండపాలవే. మీ మండపంలో కనీసం పది మంది కూర్చుంటారు, వెనక ఇరవై మంది నిలబడతారు. మండపం ముందు అంచుకీ పీటలకీ మధ్య 5 నుంచి 6 అడుగుల ఖాళీ అడగండి. లేకపోతే కెమెరావాళ్ళు కింద నుంచి తీయాలి, అప్పుడు గడ్డాలూ ముక్కుపుటాలే పడతాయి. ముందు స్తంభాలకి వేలాడే పూలదండలు కూర్చున్నవాళ్ళ తల ఎత్తుకి దిగకూడదు. డెకరేషన్ పూర్తయ్యాక పీటల మీద ఇద్దర్ని కూర్చోబెట్టి, హాలు మధ్య నుంచి ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూస్తే అన్నీ బయటపడతాయి.

రంగు లైట్లు పెద్ద తలనొప్పి. ఊదా, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు మండపం మీద పడుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, పసుపు రాసుకున్న మొహం మీద ఊదా పడితే బూడిదరంగు వస్తుంది. దాన్ని తర్వాత కంప్యూటరులో సరిచేయడం కష్టం, ఎందుకంటే అదే ఫొటోలో చీర ఒక రంగు, మొహం ఇంకో రంగు పట్టి ఉంటాయి. లైటింగు వాళ్ళకి చెప్పాల్సింది ఒక్కటే: గంప వచ్చినప్పటి నుంచి తలంబ్రాలు అయ్యేదాకా మండపం మీద ఒకే రకం తెల్ల లైటు. రంగులు గోడలకీ చెట్లకీ వేసుకోనివ్వండి. స్టేజి వెనక ఎల్ఈడీ తెర ఉంటే కదిలే వీడియో వద్దు. నిలకడగా ఉన్న బొమ్మ పెట్టి వెలుగు బాగా తగ్గించమనండి, లేకపోతే ముందున్న మనుషులు చీకటిగా పడతారు. చవకరకం ఎల్ఈడీల కింద ఫొటోలో నల్లని అడ్డచారలు వస్తుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం 1/50, 1/100 సెకను దగ్గర ఉంచితే చారలు చాలావరకు పోతాయి. ఫొటోగ్రాఫరు ముందుగా వచ్చి లైట్ల కింద నాలుగు తీసి చూసుకోవాలన్నది ఇందుకే.

జనరేటరు సంగతీ అడగండి. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు కొన్ని సెకన్లు చీకటి. సుముహూర్తం ఆ సెకన్లలో పడితే చేసేదేమీ లేదు. ముహూర్తానికి పావుగంట ముందే హాలుని జనరేటరు మీదకి మార్చేయమంటే ఆ గండం తప్పుతుంది. డీజిల్‌కి కొంత అదనంగా అడుగుతారు, ఇచ్చేయండి.

ఇంకో చిన్న పని. పీటల చుట్టూ నీళ్ళ సీసాలు, పాలిథిన్ కవర్లు, అగరొత్తుల ఖాళీ పెట్టెలు, ఎవరిదో హ్యాండ్‌బ్యాగు చేరతాయి. మండపం వెనక ఒక పెద్ద బుట్ట పెట్టి, పిన్నినో అత్తనో చూసుకోమంటే ఆల్బమ్ సగం శుభ్రంగా ఉంటుంది.

జీలకర్రబెల్లం ఆ ఒక్క నిమిషం

పెళ్ళి మొత్తంలో మళ్ళీ చేయించి తీయలేనిది ఇదే. ఇద్దరూ ఎదురెదురుగా, మధ్యన అడ్డుతెర. తెర ఇటూ అటూ ఇద్దరు పట్టుకుంటారు. సన్నాయి గట్టిమేళం అందుకుంటుంది, తెర దిగుతుంది, తమలపాకులో ఉన్న జీలకర్రబెల్లం ఒకరి నెత్తిన ఒకరు పెడతారు, ఒకరినొకరు చూసుకుంటారు. ఆ సరికే యాభై మంది మండపం ఎక్కేసి ఉంటారు.

తెర బట్ట లేత గోధుమరంగో తెలుపో ఉండాలి. ముదురు ఎరుపు, పసుపు బట్ట మొహానికి జానెడు దూరంలో ఉంటే ఆ రంగు చెంపల మీద పడుతుంది. తెరని పక్కకి లాగకుండా, పైకెత్తకుండా, మెల్లగా కిందకి దించమనండి. కిందకి దిగితే ముందు నుదుటి బాసికం, తర్వాత కళ్ళు కనబడతాయి. పైకెత్తితే ముందు గడ్డం కనబడుతుంది, పట్టుకున్నవాళ్ళ మోచేతులు కెమెరాకి అడ్డం వస్తాయి. పట్టుకునేవాళ్ళు తెరకి ముందు కాకుండా అంచుకి బయట నిలబడాలి.

చెయ్యి నెత్తిన పెట్టేటప్పుడు మోచెయ్యి కిందకి వాలిపోతే సొంత మొహమే మూసుకుపోతుంది. కొంచెం ఎత్తి ఉంచమని ఇద్దరికీ ముందురోజే ఒకసారి చెప్పండి. ఇంట్లో కుర్చీల మీద కూర్చుని చేసి చూస్తే రెండు నిమిషాల పని. ఇంకా ముఖ్యం, కెమెరా వంక చూడొద్దు. ఒకరినొకరు చూసుకోవడమే అక్కడి తంతు, ఫొటో కూడా అదే.

ఇక్కడ కెమెరాలు రెండు కావాలి. ఇద్దరూ పక్కవాటంగా కనబడతారు గనుక, ఏ పక్క నుంచి తీసినా ఒకరి చెయ్యే ముందుకొస్తుంది. ఒక కెమెరా ముందు, ఒక కెమెరా వెనక. ఒక్కడే ఫొటోగ్రాఫరు అయితే, పురోహితుడు లేని పక్క ఎంచుకుని పది నిమిషాల ముందే అక్కడ పాతుకుపోవాలి.

అక్షతల గొడవకి ఒక ఉపాయం ఉంది. జనం మండపం ఎక్కేది అక్షతలు వేయడానికే. ముహూర్తానికి పది నిమిషాల ముందు వరసల్లో తిరిగి అందరి చేతిలో అక్షతలు పెట్టించి, మైకులో, 'ఎవరి చోట నుంచి వాళ్ళు వేయండి, పెద్దలు తర్వాత వచ్చి దీవించొచ్చు' అని రెండుసార్లు చెప్పించండి. అందరూ వినరు, సగం మంది వింటారు. ఆ సగం చాలు. సెల్‌ఫోన్లు ఎత్తిపట్టే కుర్రాళ్ళని ఒక అన్నయ్య కెమెరాల వెనక్కి పంపాలి, ముందుకి కాదు.

తాళి, తలంబ్రాలు, అప్పగింతలు

మూడు ముళ్ళు పడే అర నిమిషంలో పెళ్ళికొడుకు మోచేతులు పెళ్ళికూతురి మొహాన్ని మూసేస్తాయి. అతను ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి నిలబడి, ఆడపడుచు జడ ఎత్తి వెనక్కి పట్టుకుంటే మొహం తేలుతుంది. మూడో ముడి వేస్తూ ఒక్క క్షణం ఆగమని చెప్పండి. మధుపర్కాలు తెల్లవి కదా, ఫ్లాష్ నేరుగా కొడితే నేత అంతా మాయమై తెల్ల మచ్చలా పడుతుంది. ఫ్లాష్ తల పైకి తిప్పి తెల్ల కప్పుకేసి కొట్టాలి. ఆరుబయట మండపానికి కప్పు ఉండదు గనుక గొడుగు తొడిగిన లైటు కావాలి.

తలంబ్రాలకి మొదటి మూడు దోసిళ్ళు మంత్రంతో నెమ్మదిగా నడుస్తాయి. బియ్యం జారుతూ ఉన్న మంచి ఫొటో అక్కడ వస్తుంది, తర్వాతది ఆట. గింజలు గాలిలో గింజల్లా కనబడాలంటే షట్టర్ 1/500 అయినా ఉండాలి, రాత్రి వెలుతురుకి ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే స్థాయి) 3200 దాకా పోవాల్సి రావచ్చు. థర్మోకోల్ పూసలు కలుపుతుంటారు. అవి జుట్టుకీ కనుబొమ్మలకీ అంటుకుని అప్పగింతల దాకా ప్రతి ఫొటోలో తెల్ల చుక్కల్లా ఉంటాయి. బియ్యం, పసుపు, కొంచెం నెయ్యి చాలు.

అరుంధతీ నక్షత్రం దగ్గర ఆకాశాన్ని తీయబోవద్దు. కార్తీకంలో సాయంత్రం పూట అరుంధతి ఉండే సప్తర్షి మండలం అసలు కనబడదు, పగటి పెళ్ళిళ్ళలో సరేసరి. చూపుతున్న వేలు, పైకెత్తిన రెండు మొహాలు ఉంటే ఫొటో నిండుతుంది. అప్పగింతల్లో పాలలో ముంచిన చేతుల దగ్గర ఒక కెమెరా, అమ్మానాన్నల మొహాల మీద దూరం నుంచి ఒకటి. వీడియో లైటు మొహాల మీదకి తెచ్చి పెట్టొద్దని గట్టిగా చెప్పండి. డీజేని అరగంట ముందే ఆపేయించండి.

చుట్టాలతో ఫొటోలు

12 నుంచి 15 గుంపులకి మించకుండా పేర్లతో రాయండి. గుంపుకి 3 నిమిషాలు, మొత్తం 45 నిమిషాలు. అమ్మమ్మలు, తాతయ్యలు ముందు. మోకాళ్ళ నొప్పులవాళ్ళని అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టకూడదు. పెద్ద గుంపుతో మొదలుపెట్టి ఒక్కో కుటుంబాన్ని తగ్గించుకుంటూ పోతే త్వరగా అవుతుంది, తిరగేసి చేస్తే ప్రతిసారీ ఎవరినో వెతకాలి. రెండు వైపుల నుంచీ చుట్టాల్ని మొహం చూసి గుర్తుపట్టే ఒక్కొక్కరు పిలవడానికి ఉండాలి. ఫొటోగ్రాఫరుకి మీ పెద్దనాన్న ఎవరో తెలియదు. మొదటి బంతి భోజనాలకి పిలవకముందే ఇది అయిపోవాలి, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని లేపలేరు కదా.

బీచ్ ఫొటోలు పొద్దున్నే

గోవా రీల్స్ చూసి, సముద్రంలో సూర్యుడు దిగుతుంటే ముందర ఇద్దరూ నిలబడాలని అడుగుతారు. మన సముద్రం తూర్పున ఉంది. ఇక్కడ సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, ఊరి వెనక దిగుతాడు. నీటి మీద సూర్యుడు కావాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి. విశాఖలో మే నెల మధ్యలో సూర్యోదయం సుమారు 5:25, ఫిబ్రవరి మధ్యలో 6:20, నవంబరు మధ్యలో 6:05. లేచాక 40 నిమిషాల దాకా వెలుతురు మెత్తగా ఉంటుంది, మే నెలలో 7 దాటితే కళ్ళు చిట్లించుకోవడమే. అంటే మేలో మేకప్ 3 గంటలకి మొదలవ్వాలి. ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూస్తే, చలికాలంలో సూర్యుడు కాస్త కుడికి, డాల్ఫిన్ నోస్ కొండ వైపు జరిగి లేస్తాడు. వేసవిలో ఎడమకి, కైలాసగిరి వైపు. వెనక కొండ రావాలా వద్దా అన్నది దీన్నిబట్టి చూసుకోండి. తెల్లవారుజామున నడకకి వచ్చేవాళ్ళ కోసం బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపుతారు కాబట్టి, కారు ఎక్కడ నిలపాలో ముందురోజే తెలుసుకోవాలి.

సాయంత్రం కూడా పనికొస్తుంది, వేరే రకంగా. ఇద్దరూ సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు తిరిగితే పడమటి వెలుతురు నేరుగా మొహం మీద పడుతుంది. భవనాలూ కొండలూ అడ్డం కాబట్టి, పంచాంగంలో అస్తమయం 5:55 అని ఉంటే ఇసుక మీద ఎండ అరగంట ముందే పోతుంది. ఆ తర్వాత తొందరపడి వెళ్ళిపోకండి. సూర్యుడు దిగిన పది పదిహేను నిమిషాలకి తూర్పున సముద్రం మీద లేత గులాబీ పట్టీ ఒకటి లేస్తుంది. పట్టుచీరకి అంత మంచి వెనకతెర డబ్బిచ్చినా దొరకదు.

ఇవన్నీ పెళ్ళిరోజే పెట్టుకోవడం అత్యాశ. రాత్రి 2:30కి తంతు ముగిసినవాళ్ళు 5కి బీచ్‌లో నవ్వలేరు. వ్రతం అయిన మర్నాడు పెట్టుకోండి. పెళ్ళికి ముందు కలిపి ఫొటోలు తీయడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోని ఇళ్ళలో గొడవా ఉండదు. ఇసుక మీద చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టడానికి ఒక మనిషి, మార్చుకోవడానికి చెప్పులు, తుడుచుకోవడానికి రెండు తువ్వాళ్ళు తీసుకెళ్ళండి. మన తీరంలో కెరటం వెనక్కి లాగే జోరు చాలా ఎక్కువ. తడిసిన పట్టుచీరతో పడితే లేవడం కష్టం, చీలమండ మునిగే నీళ్ళు దాటొద్దు. తొట్లకొండ లాంటి రక్షిత కట్టడాల దగ్గర కెమెరాలు దించకముందే అనుమతి అడగాలి. ఎర్రమట్టి దిబ్బల అంచులెక్కి నిలబడితే మట్టి విరిగి జారుతుంది, దిబ్బా పాడవుతుంది, మనిషీ పడతాడు.

డ్రోను అడిగేవాళ్ళకి: ఇది తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉన్నది కూడా ఇక్కడే. మీ హాలు ఏ జోన్‌లో పడుతుందో డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూసి, అనుమతి ఉంటేనే ఎగరేయాలి. 'మేం చూసుకుంటాం సార్' అన్న మాట మీద ఒప్పుకోకండి, కాగితం చూపించమనండి.

ఉక్క, గాలి, వాన

ఏసీ గదిలో పెళ్ళికూతుర్ని తీసి, అదే కెమెరాతో బయటి మండపానికి వస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్ళీ పడుతుంది. గంప బయల్దేరేటప్పుడు ఇలా జరిగితే ఆ ఊరేగింపంతా మసక. అరగంట ముందే ఒక కెమెరా బయట పెట్టి ఉంచాలి. బీచ్‌కి దగ్గరి లాన్‌లలో ఉప్పు తుంపర అద్దం మీద సన్నగా పేరుకుంటుంది, పావుగంటకోసారి మెత్తని గుడ్డతో తుడవాలి. లైటు స్టాండ్ల కాళ్ళ మీద ఇసుక సంచులు ఒక్కోటి 5 కిలోలైనా వేయాలి, సముద్రపు గాలికి పడేవి అవే. పెళ్ళికూతురి చెమటని తువ్వాలుతో రుద్దకండి, టిష్యూతో అద్దాలి. స్టాండు ఫ్యాను హోమం అవతల పక్క పెడితే పొగంతా ఆమె కళ్ళలోకే వస్తుంది. ఆమె వెనక పక్క నుంచి తిప్పాలి.

కార్తీకంలో ఆరుబయట పెళ్ళి పెట్టుకుంటే లోపల హాలు కూడా చూసి ఉంచండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది. అక్టోబరు, నవంబరుల్లో సముద్రం ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. పగటి పెళ్ళికి షామియానా వేస్తే గుడ్డ తెల్లదే వేయించండి. ఎర్ర షామియానా కింద అందరూ ఎర్రగానే పడతారు.

పెళ్ళయ్యాక

రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి రాసే కెమెరా ఉందా అని బేరం ముందే అడగండి. పెళ్ళి మర్నాడు సాయంత్రానికల్లా మొత్తం ఫైళ్ళు రెండు వేరు వేరు హార్డ్‌డిస్కుల్లో ఉండాలి, ఒకటి మీ ఇంట్లో. అది అందేదాకా చివరి విడత డబ్బు ఆపండి. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్‌లో షీటుకి ఐదు ఫొటోలు హాయిగా పడతాయి, 35 షీట్లంటే 175. వేల ఫొటోల్లోంచి ఈ 175 ఏరడం ఇద్దరూ కలిసి కూర్చుని చేయాలి. నలుగురు పెద్దవాళ్ళకి లింకు పంపితే నాలుగు జాబితాలు వస్తాయి, ఆల్బమ్ మొదటి పెళ్ళిరోజుకి కూడా రాదు.